గండిపేట జాతకం ఎవరు రాయాలి?

ఒకటింపావు శాతం. గండిపేట, హిమాయత్‌సాగర్‌ల మాట వచ్చిన ప్రతిచోటా, సచివాలయంలోనైనా టీవీ చర్చలోనైనా, ముందు వినపడే అంకె ఇదే. హైదరాబాద్ వాడుకునే నీళ్లలో ఈ రెండు జలాశయాల వాటా 1.25 శాతం కూడా లేదు, ఇంకా వాటి చుట్టూ ఆంక్షలెందుకు అంటూ 2022 ఏప్రిల్ 12న 69వ నంబరు జీవో వచ్చింది. 1996 మార్చి 8 నాటి 111 జీవో 84 గ్రామాల్లో, దాదాపు 1.32 లక్షల ఎకరాల్లో పెట్టిన కట్టుబాట్లను సడలించింది. మరుసటి ఏడాది మంత్రివర్గం 111ను మొత్తంగానే ఎత్తేస్తామంది. తర్వాత ప్రభుత్వం మారింది, కోర్టుల్లో వాదనలు నడిచాయి, చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్డోజర్లు వచ్చాయి. భూమి ధర మాత్రం వీటిలో దేని కోసమూ ఆగలేదు.

నేను రాజకీయాలు రాసేదాన్ని కాదు. ఉద్యోగమంతా మంచినీళ్ల ల్యాబ్‌లో, బీకర్ల మధ్య గడిపిన కెమిస్టును. ఆ జీవోలో నాకు గుచ్చుకున్నది 1.25 కాదు, దాని పక్కనే ఉన్న షరతు. జలాశయాల నీటి నాణ్యత ఏ విధంగానూ దెబ్బతినకూడదట. అందుకోసం ఎస్‌టీపీలు, అంటే మురుగు శుద్ధి కేంద్రాలు, కట్టాలి, శుద్ధి చేసిన నీరు కూడా జలాశయంలోకి రాకుండా మళ్లింపు కాలువలు తవ్వాలి. వినడానికి బాగానే ఉంది. కానీ దెబ్బతినడం అంటే ఎంత? నీళ్లు ‘బాగున్నాయి’, ‘బాగాలేవు’ అని రిపోర్టు రాస్తే మా ఇన్‌చార్జి ఆ కాగితం తిప్పి పంపేసేవారు. భాస్వరం ఎంత, అమ్మోనియా ఎంత, క్లోరోఫిల్ ఎంత, ఏ నెలలో, ఎంత లోతులో? రెండు జలాశయాల తలరాత మార్చే ఉత్తర్వులో అలాంటి హద్దు నాకు కనిపించలేదు.

నేను అడిగేది ఒక్కటే. భూమి వాడకం మార్చే ముందు, ఆ మార్పు వల్ల ఇరవై ఏళ్ల తర్వాత నీళ్లు ఎలా ఉంటాయో లెక్కగట్టాలి. ఆ లెక్కను జనం ముందు పెట్టాలి. ఆ తర్వాతే సంతకం. ‘రేపు ఏమవుతుందో ఎవరు చెప్పగలరు’ అనేవాళ్లున్నారు. చెప్పగలం. చెరువు జాతకానికి గ్రహాలతో పని లేదు. ఎంత నేల మీద కాంక్రీటు పడుతుంది, ఎంత మంది కాపురముంటారు, వాళ్ల మురుగు ఎటు పోతుంది, ఈ మూడూ తెలిస్తే చాలు.

ముందు ఓ పెన్సిలు లెక్క చూద్దాం. నాచు పెరగడానికి ఎండ, నత్రజని, భాస్వరం కావాలి. ఎండకు మనకు కొదవ లేదు. మంచినీటి జలాశయాల్లో మామూలుగా తక్కువపడి నాచును అదుపులో ఉంచేది భాస్వరం. అది ఒక గ్రాము దొరికితే ఎండు బరువులో వంద గ్రాములకు పైగా నాచు తయారవుతుంది. లీటరు నీటిలో భాస్వరం సగటున 35 మైక్రోగ్రాములు దాటితే ఆ జలాశయంలో పోషకాలు మితిమీరినట్టేనని 1982లో ఓఈసీడీ ఓ గీత గీసింది. మన ఎండలకు ఆ గీత కాస్త అటూ ఇటూ జరగొచ్చు గానీ, లెక్క మొదలుపెట్టడానికి అది చాలు.

గండిపేట నిండితే 3.9 టీఎంసీలు. హిమాయత్‌సాగర్ నిండితే మూడుకు కొంచెం తక్కువ. రెండూ కలిపితే 19 కోట్ల ఘనపు మీటర్ల పైచిలుకు. ఈ నీళ్లన్నీ ఆ గీతను తాకడానికి కావాల్సిన భాస్వరం 6.8 టన్నులు. ఒక్క లారీలో పట్టేస్తుంది.

ఇప్పుడు ఆ 1.32 లక్షల ఎకరాల్లో పదో వంతులోనే, అంటే 13 వేల ఎకరాల్లో, విల్లాలూ అపార్ట్‌మెంట్లూ లేచాయనుకుందాం. ఎకరాకు వంద మంది. కోకాపేట టవర్లను ఒకసారి తలెత్తి చూసినవాళ్లకు ఇది మరీ పిసినారి లెక్క అనిపిస్తుంది. అయినా 13 లక్షల మంది అయ్యారు. మలమూత్రాల్లో, సబ్బుల్లో కలిపి మనిషి రోజూ వదిలే భాస్వరం సుమారు గ్రామున్నర. వీళ్ల మురుగులో 95 శాతం బుద్ధిగా పైపుల్లో పడి, ఎస్‌టీపీకి చేరి, జలాశయాన్ని తప్పించుకుని కిందికి పోయిందనే అనుకుందాం. మన ఊళ్లో అంత సవ్యంగా జరిగితే నేను కొబ్బరికాయ కొడతాను. మిగిలిన 5 శాతం సంగతేమిటి? పొంగిన మ్యాన్‌హోలు, కరెంటు పోయి ఆగిన పంపు, అర్ధరాత్రి నాలాలో కుమ్మరించి వెళ్లిన సెప్టిక్ ట్యాంకరు. ఆ 5 శాతమే ఏడాదికి 35 టన్నుల భాస్వరం మోసుకొస్తుంది.

అందులో కొంత దారిలో మట్టి పట్టుకుంటుంది. కొంత అడుగుకు దిగుతుంది. గేట్లెత్తినప్పుడు కొంత మూసీలోకి పోతుంది. సరే, ముప్పావు వంతు కొట్టేయండి. ఇంకా తొమ్మిది టన్నులకు కాస్త అటూ ఇటూగా మిగిలింది. గీత 6.8 దగ్గర ఉంది. అదీ రెండూ నిండుగా ఉన్నప్పటి మాట. ఏప్రిల్ నాటికి నీళ్లు సగానికి పడిపోతే ఏమవుతుందో మీరే భాగించి చూసుకోండి.

ఎస్‌టీపీ ఉందిగా అంటారు. మామూలు ఎస్‌టీపీ ప్రధానంగా బీఓడీని, అంటే మురుగులో కుళ్లే సేంద్రియ పదార్థాన్ని, దించడానికి కట్టేది. మురుగు నలుపు పోతుంది, కంపు తగ్గుతుంది. భాస్వరాన్ని తీసేయాలంటే దానికి వేరే ఏర్పాటు ఉండాలి, రోజూ రసాయనాల ఖర్చు ఉంటుంది, ఆ ఖర్చు పెట్టే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఉండాలి. లిఫ్టు మెయింటెనెన్సు దగ్గరే కొట్టుకునే చోట ఆ డబ్బు ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా?

నీళ్లు చెడితే శుద్ధి చేసుకుంటాంలే అన్న ధీమా ఫిల్టర్ బెడ్ల దగ్గర పనిచేయనివాళ్లదే. మా ల్యాబ్‌లో వానాకాలం పొద్దున పని జార్ టెస్టుతో మొదలయ్యేది. ఆరు బీకర్లు, ఒక్కోదాంట్లో లీటరు ముడినీరు, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక. తెడ్లు ముందు గిరగిరా, తర్వాత నింపాదిగా తిరుగుతాయి. కాసేపటికి మడ్డి ముద్దకట్టి అడుగుకు దిగుతుంది. తక్కువ పటికతో ఏ బీకరు తేటపడిందో ఆ మోతాదే ఆ పూట ప్లాంటుకి. ఎర్రటి వరద నీళ్లొచ్చినా మేం కంగారు పడేవాళ్లం కాదు, మట్టిని పటిక లాగేస్తుంది. అసలు భయం ఎండాకాలపు నాచుతోనే. నీలి ఆకుపచ్చ నాచుకి లోపల గాలి తిత్తులుంటాయి, పటికతో ముద్దకట్టినా దిగనని పైకే తేలుతుంది. ఇసుక పొరను మూసేస్తుంది. బ్యాక్‌వాష్ మీద బ్యాక్‌వాష్, దానికి పోసేది కూడా శుద్ధి చేసిన నీళ్లే. పైగా జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. లీటరులో పది నానోగ్రాములున్నా నాలుక పట్టేస్తుంది. అప్పుడు ఫోన్లు మొదలు: ‘మేడం, నీళ్లు మట్టి కొడుతున్నై, పిల్లలు తాగుతలేరు.’ పరీక్షలన్నీ పాసైన నీళ్లు అవి. అయినా ఆ ఇల్లాలికి ఏం జవాబు చెప్పాలి?

మురుగు కలిసిందంటే అమ్మోనియా కూడా వస్తుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని ఏడెనిమిది మిల్లీగ్రాముల క్లోరిన్‌ను మింగేస్తుంది. దాని ఆకలి తీరాకే సూక్ష్మజీవుల వంతు. క్లోరిన్ పెంచుకుంటూ పోతే నాచు వదిలిన సేంద్రియ పదార్థంతో కలిసి ట్రైహాలోమీథేన్లు పుడతాయి, వాటికి మళ్లీ వేరే హద్దులు. శుద్ధి అనేది ఎంతైనా లాగగలిగే రబ్బరు బ్యాండు కాదు.

ఇక ఆ 1.25 శాతం దగ్గరికి వద్దాం. అది మనం తోడుకుంటున్న లెక్క, జలాశయాలు ఇవ్వగలిగిన లెక్క కాదు. 1908 సెప్టెంబరు వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920 నాటికి, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927 నాటికి తయారయ్యాయి. గండిపేట నీళ్లు కాలువ వెంట వాలులోనే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు నడిచొచ్చేవి, మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. ఇవాళ మనం తాగుతున్న కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా, ఎల్లంపల్లి గోదావరి నీళ్లు అంతకంటే ఇంకా దూరం నుంచి, పంపుల మీద పంపులు పెడితే ఎక్కి వస్తున్నాయి. నాగార్జునసాగర్ అడుగంటిన ఏడాది ఇంటి పక్కన ఏడు టీఎంసీల చోటు ఉండడం ఎంత ధైర్యమో శాతాల్లో చెప్పలేం. అంతెందుకు, గోదావరి రెండో దశలో మల్లన్నసాగర్ నుంచి తెచ్చే నీళ్లలో కొంత ఈ రెండింట్లోనే నింపాలని ఇప్పుడు ప్రభుత్వమే పథకం వేసింది. వేల కోట్లు పెట్టి నీళ్లు తెచ్చి పోయబోయే పాత్ర అడుగున ఏం చేరుతుందో ముందే చూసుకోవద్దా?

హుస్సేన్‌సాగర్‌ని పాడుచేద్దామని ఎవరూ ఎక్కడా తీర్మానం చేయలేదు. 1560లలో తవ్వించిన ఆ చెరువు నీళ్లు ఒకప్పుడు ఈ ఊరు తాగింది. పైన ఫ్యాక్టరీలకు ఒక అనుమతి, కాలనీలకు ఒక అనుమతి, కూకట్‌పల్లి నాలా మీద ఇంకో అనుమతి. ఒక్కొక్క ఫైలు విడిగా చూస్తే ఏ ఫైలూ నేరం చేసినట్టు కనపడదు. ఏ సంతకానికి ముందూ మొత్తం కలిపి లెక్క చూడకపోవడమే అక్కడ జరిగింది.

ఈ లెక్క ఎవరు చూపించాలన్నది సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసింది, అదీ ఈ జలాశయాల కేసులోనే. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ కోసం వచ్చిన వ్యాజ్యం అది. ‘మేం కాలుష్యం రానివ్వం, అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం’ అంది కంపెనీ. అప్పటి ప్రభుత్వం మినహాయింపు కూడా ఇచ్చేసింది. 1999 జనవరి తీర్పులో జస్టిస్ ఎం.జగన్నాథరావు ఓ సంగతి స్పష్టం చేశారు: శాస్త్రంలో అనిశ్చితి ఉన్నచోట జాగ్రత్తవైపే మొగ్గాలి, హాని లేదని రుజువు చేసే బాధ్యత ఉన్న స్థితిని మార్చదలచినవాళ్లదే. 2000 డిసెంబరులో ఆ మినహాయింపే చెల్లదని తేల్చారు. ఒక్క ఫ్యాక్టరీకి ఇంత నిరూపణ అడిగిన చోట, 84 గ్రామాల తీరు మార్చేవాళ్లను మరెంత అడగాలి?

ఇంతవరకూ చదివి నన్ను 111 జీవో భక్తురాలిగా లెక్కేసుకునేవాళ్లకు ఒక మాట. ఆ జీవో నాకు పూర్తిగా నచ్చలేదు. ఫుల్ ట్యాంక్ లెవెల్ నుంచి పది కిలోమీటర్లు అని గీత గీశారు. నీళ్లకు స్కేలు బద్ద తెలియదు, వాలు తెలుసు. గండిపేట పరీవాహక ప్రాంతం 738 చదరపు కిలోమీటర్లు, హిమాయత్‌సాగర్‌ది 1,300 పైన. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి వస్తుంది. జీవో కిందికొచ్చిన భూమి ఆ మొత్తంలో నాలుగో వంతు చుట్టుపక్కలే. పన్నెండో కిలోమీటరులో నాలా ఒడ్డున లేచిన వెంచరు జలాశయానికి చేసే చెరుపు, నాలుగో కిలోమీటరులో రాతి గుట్ట మీద కట్టిన ఇల్లు చేయదు. మొదటిదానికి జీవో అడ్డు లేదు, రెండోదానికే ఆంక్షలు. పైగా పాతికేళ్లలో ఆ పది కిలోమీటర్లలో ఎవరు కట్టలేదో చెప్పమనండి. ఫామ్‌హౌసులు లేచాయి, ఫంక్షన్ హాళ్లు లేచాయి, కాలేజీలు లేచాయి. కట్టుకోలేకపోయింది రెండెకరాల రైతే.

మొయినాబాద్ వైపు ఒక పెద్దాయన బంతి తోట గట్టు మీద కూర్చోబెట్టి నన్ను నిలదీశాడు. ‘మీ మంచినీళ్ల కోసం మా చేతులు కట్టేసిన్రు మేడం. పక్కూర్ల ఎకరం కోట్లకు పోతుంటే మేం చూసుకుంట కూసున్నం. బిడ్డ పెండ్లికి అడ్డికి పావుశేరుకు అమ్ముకున్న. ఇప్పుడేమో మీకు మా నీళ్లే అక్కర్లేదంటున్రు. అమ్ముకున్నోనికి భూమి మళ్ల వస్తదా?’ నా దగ్గర సమాధానం లేదు. ఆయన దగ్గర చవగ్గా కొన్నవాళ్లు ఎవరో, ఆంక్షలు పోతే లాభం ఎవరి జేబులోకి పోతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. రైతు పేరు చెప్పి ఎత్తేసే ఆంక్షల్లో రైతుకు దక్కేదెంత అన్న లెక్క కూడా ఎవరూ వేయలేదు.

వాలునూ నాలానూ పట్టి జోస్యం చెబితే ఈ పెద్దాయనకే మేలు. ఏ గ్రామంలో కట్టుకుంటే నీళ్లకు ముప్పు లేదో తేలుతుంది, వాళ్లను వదిలేయొచ్చు. ఏ నాలా వెంట ఒక్క ఇటుక కూడా పెట్టకూడదో తేలుతుంది, అక్కడి రైతుకు ఏటా ఎకరాకు ఇంతని నగరం చెల్లించాలి. న్యూయార్క్ చేసింది అదే. 1997లో ఆ నగరం క్యాట్‌స్కిల్ కొండల్లోని ఊళ్లతో ఒప్పందం రాసుకుంది. పైనున్నవాళ్ల సెప్టిక్ ట్యాంకులు నగరమే బాగు చేయించింది, రైతుల పశువుల కొట్టాల మురుగు ఏరులో పడకుండా ఖర్చు పెట్టుకుంది, అమ్మడానికి ఇష్టపడినవాళ్ల దగ్గర భూమి కొంది. ఎందుకంటే ఆ నీళ్లకు ఫిల్టర్ ప్లాంటు కట్టాలంటే వందల కోట్ల డాలర్లు అవుతుందని వాళ్లు ముందే లెక్కేసుకున్నారు. అందులో మంచితనం ఏమీ లేదు, లెక్క ఉంది.

మన దగ్గర లెక్క తెలిసినవాళ్లకు కరువా? ఉపగ్రహ చిత్రాలు చదివే ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లో ఉంది. భూగర్భ జలాల గుట్టు తెలిసిన ఎన్‌జీఆర్‌ఐ ఉప్పల్ రోడ్డులో ఉంది. ఐఐటీ కందిలో ఉంది. నేల, వాలు, వాన, భూమి వాడకం ఇస్తే ఏ నాలా ఎంత నీరు, ఎంత మట్టి, ఎంత భాస్వరం తెస్తుందో చెప్పే స్వాట్ మోడల్‌ను అమెరికా వ్యవసాయ శాఖ ఉచితంగానే ఇస్తోంది, మన ఎం.టెక్. పిల్లలు దాంతోనే థీసిస్‌లు రాసుకుంటున్నారు. ఏరు పరీవాహకంలో పదో వంతు నేలను తారు, సిమెంటు కప్పేస్తే ఆ ఏరు ఆరోగ్యం దిగజారడం మొదలవుతుందని, పావు వంతు కప్పేస్తే కోలుకోవడం కష్టమని 1990లలోనే అమెరికాలో వాటర్‌షెడ్ నిపుణులు లెక్క తేల్చారు. ఏ గ్రామం ఏ అంకె దగ్గరుందో ఉపగ్రహ చిత్రంలో ఇవాళే కొలవొచ్చు.

మోడల్ తప్పు చెప్పదా అంటే చెబుతుంది. అందుకే ఒక్క అంకె కాకుండా ఇంత నుంచి ఇంత అని చెప్పాలి. ఏ ఊహ మీద ఆ అంకె నిలబడిందో పక్కనే రాయాలి. దాన్ని సరిచూసుకునే కొలతలే మన దగ్గర తక్కువ. నీటి శాంపిల్ అంటే నెలకొకసారి, పొద్దున పదకొండింటికి, జీపు దొరికిన రోజున, ఎండలో తీసేది. కానీ ఏడాది చెత్తలో సింహభాగం జలాశయానికి చేరేది నాలుగైదు పెద్ద వానల్లో, అదీ వాన మొదలైన తొలి గంటల్లో. రోడ్ల మీది నూనె, పొలాల ఎరువు, మూలన పేరుకున్న మురుగు అన్నీ ఆ మొదటి ఉధృతిలోనే దిగుతాయి. మర్నాడు మనం సీసా పట్టుకుని వెళ్లేసరికి నాలా అమాయకంగా పారుతుంటుంది. రిపోర్టులో ‘పరిమితిలోపే’ అని పడుతుంది. ఆ రిపోర్టులు పోగేసి రేపు కోర్టులో చూపిస్తారు.

నాలా మట్టం పెరగగానే దానంతటదే సీసాలు నింపుకునే ఆటోశాంప్లర్లు బజారులో దొరుకుతున్నాయి. 2023లో కోకాపేట వేలంలో ఒక ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ ఎకరం డబ్బులో చిన్న ముక్కతో మూసీ, ఈసీ, వాటిలో కలిసే పెద్ద నాలాలన్నింటి మీదా ఈ పెట్టెలు బిగించొచ్చు, కాపలా మనిషిని పెట్టొచ్చు, ల్యాబ్ ఖర్చులు భరించొచ్చు. మూడు వానాకాలాల కొలతలు చేతికొస్తే మోడల్‌ను సరిదిద్దుకోవచ్చు. ఆ తర్వాత కొత్త మాస్టర్ ప్లాన్ పటం పక్కన రెండో పటం అచ్చేయాలి: ఈ రంగులు ఇలాగే నిజమైతే 2045లో గండిపేటలో భాస్వరం ఇంత, నాచు ఇన్ని నెలలు, శుద్ధి ఖర్చు కిలోలీటరుకు ఇంత. రెండు పటాలూ పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో, ఉర్దూలో అంటించి అభ్యంతరాలు పిలవాలి. రెండో పటం లేకుండా మొదటిదానికి అనుమతి ఇవ్వకూడదు. అప్పటిదాకా 84 గ్రామాల్లో కొత్త లేఅవుట్ల ఫైళ్లు కదలకూడదు, ఆగినన్నాళ్లూ రైతుకు పరిహారం ఆగకూడదు. పెట్టెలు బిగించే పని మాత్రం మే నెలాఖరులోపు కావాలి, తొలి వాన జూన్‌లోనే పడుతుంది.